ఒక్కపూట భద్రాద్రి యాత్ర

ఒక్కపూట తీరికతో భద్రాచలము వోవు కుటుంబములలో స్త్రీలకు దర్శనముకంటె మూటల కావలియు వంటపనియు నెక్కువ. ఇది మాకు సమ్మతము కాదు. పులిహోర యింటనుండియే కట్టుకొని, వేకువనే సారపాక చేరుఁడు. 1965లోఁ దెఱచిన వారధి దాఁటినచో గోదావరి యావలి యొడ్డే భద్రాద్రి. మూటల కావలి పురుషులును వంతుగాఁ జేయవలెను. స్నానమైన పిమ్మట, మధ్యాహ్నము తలుపులు మూయకముందే గుడికిఁ బొండు. వామాంకమున సీతతోఁ గూడిన చతుర్భుజ రామునిఁ గన్నులారఁ జూడుఁడు. తానీషా కాలమున గోల్కొండ చెఱ ననుభవించిన కంచెర్ల గోపన్న సీతమ్మకుఁ జేయించిన చింతాకు పతకము కథను పిల్లలకు గుడి ముంగిటనే చెప్పుఁడు. సుమారు 35 కిలోమీటర్ల దూరమందున్న పర్ణశాలను మఱియొకనాఁటి కుంచుఁడు. పరుగులతో నాలుగు చూచుటకంటె నిలిచి యొకటి చూచుట మేలు. యాత్రాఫలమున నిల్లాలికిని పాలు గలదని మా మనవి.