పెద్దల మెదడులో కొత్త కణాలు పుడతాయా?

సంఘం సమావేశాల్లో ఎవరి పేరైనా గుర్తు రాకపోతే "వయసైపోయిందండీ, ఉన్న కణాలు పోవడమే తప్ప కొత్తవి రావు" అంటుంటాం. నేనూ అలాగే నమ్మాను.

కానీ జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌లో, ఎదిగిన ఎలుకలకు కూడా కొత్త నాడీకణాలు పుడుతున్నాయని 1965లోనే అమెరికాలో ఆల్ట్‌మన్, గోపాల్ దాస్ చూపించారు. చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు.

పుట్టిన కణం వెంటనే పనిలోకి రాదు. మా ఆఫీసులో ప్రొబేషన్ లాంటిదే. ఎలుకల్లో చాలా కణాలు మొదటి మూడు వారాల్లోనే చనిపోతాయి. మిగిలినవి కొమ్మలు చాచి పాత కణాలతో కలుస్తాయి. విచిత్రమేమంటే, పెద్ద కణాలను శాంతపరిచే గాబా అనే రసాయనమే ఈ పసికణాలను ఉత్తేజపరుస్తుంది. నాలుగు నుంచి ఆరు వారాల వయసులో అవి పాతవాటికంటే చురుగ్గా స్పందిస్తాయి. తరవాత మిగతావాటిలో కలిసిపోతాయి.

మనుషుల సంగతి? 1998లో ఉన్నాయన్నారు. 2018లో ఒక బృందం పెద్దవాళ్ళలో కనబడలేదంది, అదే ఏడాది మరో బృందం ఉన్నాయంది. 2025లో స్వీడన్ శాస్త్రవేత్తలకు వాటి మాతృకణాలు కొందరు పెద్దల్లో బాగానే, కొందరిలో దాదాపు లేనట్టే కనబడ్డాయి.

ఇదంతా ఎక్కువగా చనిపోయినవారి మెదడులోనే చూడాలి. అదీ ఆలస్యమైతే గుర్తులు చెరిగిపోతాయి. దానం చేసిన మెదళ్ళను భద్రపరిచే బ్యాంకు మన నిమ్హాన్స్‌లో 1995 నుంచి ఉంది. బెళ్ళందూరు నుంచి కోరమంగల దాటితే అదే. ఇంట్లోవాళ్ళు సరేననాలి. మా ఇంట్లో మాట ఎత్తాను, మా ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు.