సంతకం పెట్టే ముందు ఒక ప్రశ్న



దసరా సెలవులు దగ్గర పడుతున్నాయి. మూసీ ప్రాజెక్టు చూసొస్తామని, బావిలో ఈతకు పోతామని, ట్రెక్కింగ్‌కు పంపమని పిల్లలు అడుగుతారు. ఇంట్లో సాధారణంగా రెండే జవాబులు వస్తాయి: "వద్దంటే వద్దు", లేదంటే "సరే, జాగ్రత్త". ఏదో ఒకటి చెప్పే ముందు మనం అడగాల్సింది ఒకటుంది. అక్కడి ప్రమాదం పిల్లల కంటికి కనిపించేదేనా?

2014లో సరిగ్గా రెండు వారాల తేడాతో జరిగిన రెండు సంఘటనలు చూడండి.

మే 25: ఎవరెస్ట్

గురుకుల విద్యార్థిని మలావత్ పూర్ణ 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. తోడుగా మరో గురుకుల విద్యార్థి ఆనంద్ కుమార్. నేపాల్ వైపు నుంచి ఎక్కాలంటే 16 ఏళ్లు నిండాలి, అందుకే టిబెట్ వైపు నుంచి వెళ్లారు. అంత చిన్న పిల్లల్ని పంపడం సరైనదేనా అని అడగడం న్యాయమే. కానీ ఆ సాహసం వెనుక సాధన ఉంది. మన పాత నల్గొండ జిల్లాలోని భువనగిరి గుట్టతో మొదలుపెట్టి, డార్జిలింగ్‌లో, తర్వాత లడాఖ్ చలిలో శిక్షణ పొందారు. ఒక మెట్టులో నిలబడినవారినే పై మెట్టుకు పంపారు. దీనితో ప్రమాదం తగ్గింది, పూర్తిగా పోలేదు. అదే ఏడాది ఏప్రిల్‌లో నేపాల్ వైపు మంచు కూలి 16 మంది నేపాలీ సిబ్బంది చనిపోయారు.

జూన్ 8: బియాస్ నది

హిమాచల్ ప్రదేశ్ టూర్‌కు వెళ్లిన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు ఫొటోల కోసం నదిలోని రాళ్ల మీదకు దిగారు. పైనున్న లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీళ్లు ఒక్కసారిగా వచ్చాయి. 24 మంది విద్యార్థులు, టూర్ నిర్వాహకుల్లో ఒకరు కొట్టుకుపోయారు. 2016లో హైకోర్టు ఒక్కో కుటుంబానికి 20 లక్షల రూపాయల పరిహారం ఇవ్వమంది. అందులో విద్యుత్ బోర్డు 60 శాతం, కళాశాల 30 శాతం, రాష్ట్ర ప్రభుత్వం 10 శాతం భరించాలని చెప్పింది.

తేడా ఎక్కడుంది?

గుట్ట ఎంత ఎత్తో కంటికి కనిపిస్తుంది, ఎక్కడం నేర్పవచ్చు. పైన ఎవరో గేటు ఎత్తుతున్న సంగతి కింద రాయి మీదున్నవారికి కనిపించదు. అక్కడ ధైర్యం, తెలివి, ఈత ఏవీ పనికిరావు. నియమం ఒక్కటే కాపాడుతుంది.

మన మూసీ కూడా అంతే. కేతేపల్లిలో చినుకు పడకపోయినా హైదరాబాద్ వైపు వాన కురిస్తే ప్రాజెక్టుకు వరద వస్తుంది. అందుకే గేట్ల దిగువన నదిలోకి దిగడం వద్దు. ఇందులో బేరం లేదు.

బావి ఈత సంగతి వేరు. పూర్తిగా వద్దంటే, ఈత రాని పిల్లలు ఏదో ఒక రోజు మీకు తెలియకుండా దిగుతారు. నడుముకు బెండు కట్టి, ఈత వచ్చిన పెద్దవాళ్లు నీళ్లలో ఉండి నేర్పించండి. వచ్చిన తర్వాత కూడా ఒంటరిగా పంపకండి.

టూర్ ఫామ్ మీద సంతకానికి ముందు అడగండి:

• నీళ్ల దగ్గరికి వెళ్తారా? పైన డ్యామ్ ఉందా?
• ఎంతమంది పిల్లలకు ఒక టీచర్?
• ఆ ప్రాంతం తెలిసిన గైడ్ ఉన్నారా?
• వాతావరణం మారితే ప్రోగ్రామ్ ఆపే అధికారం ఎవరిది?
• దగ్గరి ఆసుపత్రి ఎంత దూరం?

ఇవి మన స్కూల్ టూర్లకు కూడా వర్తిస్తాయి. మొహమాటపడకుండా క్లాస్ టీచర్‌ను అడగండి. సరైన జవాబు వచ్చేదాకా సంతకం ఆపే హక్కు మీకుంది. జవాబు సరిగ్గా ఉంటే మాత్రం, భయపడి పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టకండి.