మెరిసే పట్టీ వెనక తుప్పు!

విశాఖపట్నం: "మాస్టారూ, పట్టీలు విప్పకుండా రంగెయ్యమంటే నా వల్ల కాదు. వేరే షెడ్డు చూసుకోండి."

గాజువాక ఆటోనగర్‌లో ఒక టింకరింగ్ మేస్త్రీ మొన్న ఒక పెద్దమనిషితో అన్న మాట ఇది. ఆ పెద్దమనిషి రిటైరైన లెక్చరర్. వెంట తెచ్చింది 1971 నాటి ఫియట్, తండ్రిగారు కొన్న కారు. నిలుపుకునే చోటు లేక అమ్మకానికి పెడితే హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చి, చూసి, ముచ్చటపడి బయానా ఇచ్చి వెళ్లాడు. అప్పగించే ముందు ఒక పూత రంగు వేయిస్తే మర్యాదగా ఉంటుందని లెక్చరర్‌గారి ఆలోచన. పక్కల పొడవునా ఉన్న మెరుపు పట్టీలకు కాగితం అంటించి మిగతా బాడీకి రంగు కొడితే రెండు రోజుల పని. మేస్త్రీ ససేమిరా అన్నాడు.

ఎందుకన్నాడో చూద్దామని ఈ ప్రతినిధి ఆ పూట షెడ్డులోనే ఉండిపోయాడు.

బొంబాయి కుర్లాలో తయారైన ఫియట్లకైనా, ఉత్తరపారాలో 2014 దాకా తయారైన అంబాసిడర్లకైనా సగం అందం ఆ మెరుపులోనే ఉంది. బంపర్లు, లైట్ల చుట్టూ రింగులు, డిక్కీ మీద అక్షరాలు, పక్క పట్టీలు. షెడ్డు భాషలో పట్టీని బీడింగు అంటారు. ఆ రోజుల్లో దాన్ని జిగురుతో అతికించేవారు కాదు. రేకుకు రంధ్రాలు పొడిచి, వాటిలో క్లిప్పులు దించి, క్లిప్పులకు పట్టీని తగిలించేవారు. చిక్కంతా ఆ రంధ్రాలతోనే. రంధ్రం అంచున రంగు నిలవదు. బండి అదిరినప్పుడల్లా క్లిప్పు కాస్త గీకుతుంది. వాన నీరు, కడిగిన నీరు పట్టీ వెనక చేరి దుమ్ముతో ముద్దయి కూర్చుంటాయి. అక్కడికి ఎండ పోదు.

పైగా మనది సముద్రపు ఊరు. ఉప్పు కలిసిన దుమ్ము గాలిలోని తేమను తానే పీల్చుకుంటుంది. వాన పడని రోజున కూడా పట్టీ వెనక తడి ఆరదు. పట్టీ స్టెయిన్‌లెస్ స్టీలుదైతే దానికేమీ కాదు. దాన్ని ఆనుకున్న మామూలు ఇనుప రేకు మాత్రం ఆ ఉప్పు తడిలో ఇంకా తొందరగా తుప్పు పడుతుంది. పైన తళతళ, కింద తుప్పు! 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజు తమ కారు ఆరుబయటే ఉందని లెక్చరర్‌గారు అప్పుడు గుర్తు చేసుకున్నారు.

ఓపిక పని

పట్టీ విప్పడం పీకుడు వ్యవహారం కాదు. ముందు రోజు సాయంత్రమే, విరిగినా మళ్లీ దొరకని చోట్ల కుర్రాడి చేత కిరసనాయిలు చుక్కలు వేయించాడు మేస్త్రీ. పొద్దున్నే తలుపు లోపలి అట్ట విప్పి చెయ్యి పెట్టి తడిమాడు. చాలా పట్టీలకు చివర్లో క్లిప్పు బదులు చిన్న బోల్టు, నట్టు ఉంటాయి. అవి చూసుకోకుండా బయట నుంచి లాగితే పట్టీ వంగుతుంది. ఒకసారి మడత పడిన పట్టీని ఎవరూ మునుపటిలా చేయలేరు.

పట్టీకి పైనా కిందా రంగు గీసుకుపోకుండా టేపు అంటించాడు. స్క్రూ డ్రైవర్ ముట్టుకోలేదు. వెదురు బద్ద చివర పలచగా చెక్కి, పాత బనీను గుడ్డ చుట్టి, క్లిప్పు ఉన్నచోట మాత్రమే దూర్చి మెల్లగా ఎత్తాడు. ఒక క్లిప్పు వదిలాక రెండోది. "ఒక కొస పట్టుకుని లాగేస్తే అరటి తొక్క కాదు కదండీ రావడానికి," అన్నాడు. డిక్కీ మీద అక్షరాల పద్ధతి వేరు. అవి పోత పోసినవి, పెళుసు. వెనక సన్నటి పుల్లలుంటాయి. డిక్కీ లోపలి నుంచి వాటి పట్టు వదిలించాకే అక్షరాన్ని బయటికి నెట్టాలి. విప్పినదాన్ని విప్పినట్టే ఒక చెక్కకు కట్టి, ఎడమ ముందు, ఎడమ వెనక అని సుద్దతో రాయించాడు. కుర్రాడు ప్రతిదానికీ సెల్‌ఫోనులో ఫొటో తీశాడు.

లప్పం కథ

ముందు తలుపు మీద రంధ్రాల చుట్టూ రూపాయి బిళ్లంత గోధుమరంగు మచ్చలు. అది పైపై తుప్పు. వైర్ బ్రష్‌తో గీకితే గట్టి రేకు కనిపించింది. మేస్త్రీ పట్టించుకోలేదు. వెనక చక్రం మీద, మడ్‌గార్డు దగ్గర ఆగాడు. అక్కడ రంగు సన్నగా పొంగి ఉంది. పొక్కు బయట కనిపించిందంటే తుప్పు లోపలి నుంచి తొలుచుకు వచ్చిందని లెక్క. జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి బాడీ మీద జరుపుతూ పోయాడు. తలుపు మీద పట్టుకుంది. మడ్‌గార్డు మీద జారి కింద పడింది. వేలి కణుపుతో కొడితే అంతవరకూ టంగుమన్న రేకు అక్కడ బొదబొదమంది. స్క్రూ డ్రైవర్ మొన ఆనించి నొక్కాడు. లోపలికి దిగిపోయింది.

వేలి మందాన లప్పం రాలిపడింది. ఎప్పుడో ఒక పెయింటరు తుప్పు బొక్కను లప్పంతో పూడ్చి, పైన నున్నగా రంగు వేసి, పట్టీ తగిలించి పంపేశాడు. లప్పం తడిని లోపలే దాచింది. అప్పట్లో చిన్న మాటుతో పోయేది ఇప్పుడు అరచేయంత అయింది.

లెక్చరర్‌గారు కుర్చీలో కూలబడ్డారు. "చాసిస్ గట్టిగానే ఉంటుందిగా మేస్త్రీ?" అని అడిగారు. చాలామందికి ఉన్న భ్రమ ఇదే. లారీకి కింద వేరే చాసిస్ ఉంటుంది. ఫియట్‌కు, అంబాసిడర్‌కు అలా కాదు. ఆ బాడీ రేకులే బరువు మోస్తాయి. తలుపుల కింది అంచు, నేల రేకు, స్ప్రింగులు బిగించిన చోటు తుప్పు తిన్నాయంటే పోయేది అందం ఒక్కటే కాదు. మేస్త్రీ బండి కింద దూరి ఒక్కొక్క చోటా కొట్టి చూశాడు. అదృష్టం, అవి టంగుమన్నాయి. తలుపుల అడుగున నీళ్లు పోయే కంతలు మాత్రం మట్టితో మూసుకుపోయాయి. వాటిని పుల్లతో పొడిచి తెరిపించాడు.

కొన్నాయన ఈ కారును వింటేజి కింద రిజిస్టరు చేయించాలనుకుంటున్నాడు. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, బాడీ, చాసిస్, ఇంజను మార్చకుండా అసలు రూపంలో ఉన్న బండ్లకే ఆ హోదా. అసలు రేకు ఎంత మిగిలితే అంత మంచిది. మళ్లీ లప్పం పెట్టి పంపితే రెండు మూడు వానాకాలాల తర్వాత ఆ మడ్‌గార్డులో మిగిలేదేమీ ఉండదు.

"చెప్పకుండా రంగేసి ఇచ్చేద్దామా?" అన్నారు లెక్చరర్‌గారు, సగం తనలో తాను అనుకున్నట్టు. మేస్త్రీ మాట్లాడలేదు. స్క్రూ డ్రైవర్ తుడుచుకుంటూ నిలబడ్డాడు. కాసేపటికి లెక్చరర్‌గారే ఫోను తీసి హైదరాబాదుకు కలిపారు. కుర్రాడు ఫొటోలు పంపాడు. అవతలాయన ధర కొంత తగ్గించమన్నాడు, కారు వద్దని మాత్రం అనలేదు. కుళ్లిన మేర కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేయించి, పని ఒక్కో మెట్టు ఫొటో తీయించి పంపాలన్నాడు.

ఈ వారమంతా ఆ పనే నడుస్తోంది. మాటు వేశాక రెడ్ ఆక్సైడు, ఆపైన రంగు. ప్రతి రంధ్రం అంచుకూ సన్న కుంచెతో విడిగా రంగు పెట్టి, క్లిప్పుల వెనక గ్రీజు పట్టించాకే పట్టీలు మళ్లీ ఎక్కుతాయి. విప్పేటప్పుడు రెండు క్లిప్పులు తుప్పుతో విరిగిపోయాయి. అవి బజారులో దొరకడం లేదు. పాత గడియారపు స్ప్రింగు ముక్క కోసి తానే వంచుతానంటున్నాడు మేస్త్రీ.