ఒంటరితనమును కొలుచుట ఎట్లు?

తిరుమల ఆలయమున రాత్రి చివర జరుగు సేవకు ఏకాంతసేవ అని పేరు. ఏకాంతము మనకు గౌరవమైన మాట. మునులు దానికొరకు అడవులు వెదకిరి. పరీక్షలకు చదువుకొను పిల్లలు మేడమీది గది వెదకుచున్నారు. ఒంటరితనము అట్టిది కాదు. నూరుమంది ఉన్న హాస్టలులో, పక్క మంచముమీద మనిషి ఉండగనే, తనకెవ్వరును లేరని ఒక విద్యార్థి కుమిలిపోవచ్చును. ఊరి వెలుపల తోటలో ఒక్కడే ఉండు కాపలావానికి ఆ దిగులు ఏ కోశమునను ఉండకపోవచ్చును. కావున చుట్టునున్న మనుష్యులను లెక్కించి ఒంటరితనమును కొలువ వీలులేదు. మనిషి కోరుకొన్న స్నేహమునకును, అతనికి దక్కిన స్నేహమునకును నడుమ గల వెలితియే ఒంటరితనమని మనఃశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు.

ఈ వెలితిని కొలుచుటకు 1978లో రస్సెల్, పెప్లా, ఫెర్గూసన్ అను ముగ్గురు లాస్ ఏంజిలిస్ నగరమందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున 20 వాక్యముల ప్రశ్నావళి నొకదానిని తయారుచేసిరి. మొదట అందలి వాక్యములన్నియు దిగులును తెలుపునవే. అట్లున్నచో కొందరు చదువకయే అన్నిటికిని తలయూపుదురు గదా! అందుచే 1980లో సగము వాక్యములను సంతోషమును తెలుపునట్లు మార్చిరి. సవరించిన కొలతలో ఒక్కొక్క వాక్యమునకు 1 నుండి 4 వరకు మార్కులు. మొత్తము 20కి తగ్గదు, 80కి మించదు. 2004లో పెద్ద సర్వేల కొరకు దీనినే మూడు ప్రశ్నలకు కుదించిరి. తోడు కరవైనట్లు, తనను విడిచిపెట్టినట్లు, అందరికిని దూరమైనట్లు ఎంత తరచుగా తోచునని అడుగుదురే కాని, "నీవు ఒంటరివా?" అని అడుగరు. అట్లడిగినచో ఒప్పుకొనుటకు మనిషికి సిగ్గు.

ఒంటరితనము ముసలివారి బాధయని మనము తలంతుము. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2025లో వెలువరించిన నివేదిక ప్రకారము 13 నుండి 29 ఏండ్లలోపు వారిలో నూటికి 17 నుండి 21 మంది ఒంటరితనమును అనుభవించుచున్నట్లు చెప్పిరి.

యువకుల ఒంటరితనముపై డాక్టరేటు కొరకు పరిశోధించువారికి అసలు చిక్కు ఇకముందున్నది. ప్రశ్నావళిని పంచినంతనే, ఒంటరివారు సరిగా నిద్రపోవుట లేదనియు, వ్యాయామము తక్కువనియు, వారిలో దిగులు, ఆందోళన ఎక్కువనియు తేలును. అయితే ఏది కారణము, ఏది కార్యము? దిగులువలన స్నేహితులు దూరమైరా, స్నేహితులు దూరమై దిగులు కలిగెనా? లేక పెరిగిన ఇల్లే రెండింటికిని మూలమా? ఒక్కసారి అడిగిన ప్రశ్నలు దీనిని తేల్చజాలవు. అయినను నేరము సెల్‌ఫోనుమీద మోపి పరిశోధన ముగించువారు లేకపోలేదు!

ఇంటి ప్రభావమును వేరుచేయుటకు కవలలు మంచి సాధనము. ఇంగ్లండు, వేల్సులలో 1994, 1995 సంవత్సరములలో పుట్టిన రెండువేలకు పైగా కవలలను లండనులోని కింగ్స్ కళాశాలవారు 18వ ఏట పరీక్షించి, 2017లో ఫలితములను ప్రకటించిరి. ఒకే అండమునుండి పుట్టిన కవలలకు జన్యువులు ఒక్కటే; ఇల్లును, తల్లిదండ్రులును ఒక్కటే. అట్టి జంటలలో సైతము ఎక్కువ ఒంటరితనము గలవారికే నిద్ర సరిగా లేదని తేలినది. అనగా ఈ సంబంధమునకు పుట్టుకయు, ఇల్లును మాత్రమే కారణము కావు. చిన్ననాట హింసకు, యౌవనారంభమున వేధింపులకు గురియైనవారిలో ఈ సంబంధము మరింత బలముగా ఉండెను. తాను క్షేమముగా లేనని తలచువానికి గాఢనిద్ర ఎట్లు పట్టును?

ఒంటరితనము నిద్రను చెరచుచున్నదా, నిద్రలేమియే మనిషిని ఒంటరిని చేయుచున్నదా అనునది మాత్రము కవలలవలన తేలదు. దీనికి ప్రయోగము కావలెను. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు 18 మంది యువతీయువకులను ఒక రాత్రి మేలుకొలిపి యుంచి, మరునాడు వారివైపు ఒక మనిషిని నడిపించి, ఇక చాలుననిపించినచోట ఆపుమనిరి. నిద్రపోయిన దినముకంటె ఆనాడు వారు ఎదుటివానిని ఎక్కువ దూరముననే ఆపివేసిరి. 2018లో ప్రకటించిన ఈ పరిశోధనలో ఇంకొక వింత గలదు. నిద్రలేనివారి వీడియోలను, సంగతి తెలియని ఇతరులకు చూపగా, వీరు ఒంటరివారివలె ఉన్నారనిరి. అంతేకాదు, ఆ వీడియోలను చూచిన పిమ్మట తమకును ఒంటరిగా తోచుచున్నదని చెప్పిరి.