పాత సోడా యంత్రం: రంగు కింద ఉన్న విజ్ఞానం

1950 దశకంలో అమెరికా పెట్రోలు బంకుల ముందు నిలబడి, నాణెం వేస్తే చల్లని గాజుసీసా అందించిన యంత్రాలను ఇప్పుడు అక్కడివారు వెతికి కొని, బాగుచేసి ఇళ్లలో పెట్టుకుంటున్నారు. 1937లో కాన్సస్ సిటీలో పుట్టిన వెండో కంపెనీ యంత్రాలంటే వారికి ప్రత్యేకమైన మక్కువ. 44 సీసాలు పట్టేది వెండో 44, 81 పట్టేది వెండో 81. కొనేవారి కన్ను ముందుగా ఎర్రరంగు మీద, ఉబ్బెత్తు అక్షరాల మీద పడుతుంది. రంగును ఎప్పుడైనా వేయించవచ్చు. ముందు చూడవలసింది తలుపు వెనక, అడుగుభాగంలో ఉంటుంది.

అక్కడి కంప్రెసర్ వాయువును అదిమి వేడెక్కిస్తుంది. ఆ వేడి కండెన్సర్ గొట్టాల నుంచి గదిలోకి పోగానే వాయువు ద్రవమవుతుంది. సన్నని గొట్టం దాటి పీడనం తగ్గిన చోట అదే ద్రవం మరిగి, సీసాల వేడిని పీల్చుకుంటుంది. ఆనాటి యంత్రాల్లో ఇలా తిరిగే పదార్థం చాలావరకు ఆర్-12 అనే క్లోరోఫ్లోరోకార్బన్. ఇది సుమారు -30 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. దీనికి ముందు ఫ్రిజ్‌లలో వాడిన సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ విషవాయువులు. ఆర్-12 మండదు, దాదాపు విషం కాదు, దేనితోనూ సులువుగా చర్య జరపదు. అందుకే దాన్ని వరమనుకున్నారు.

ఆ స్థిరత్వమే ముప్పయింది. నేల దగ్గర చెక్కుచెదరని ఈ అణువు స్ట్రాటోస్ఫియర్ చేరాక అతినీలలోహిత కిరణాలకు విచ్ఛిన్నమై క్లోరిన్‌ను వదులుతుందనీ, అది ఓజోన్‌ను హరిస్తుందనీ 1974లో మారియో మొలీనా, షేర్వుడ్ రోలండ్ చూపించారు. 1987లో ఇలాంటి పదార్థాలను అరికట్టే మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. 1995లో వారిద్దరికీ పాల్ క్రట్జెన్‌తో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. పైగా ఒక కిలో ఆర్-12 వందేళ్లలో 10,000 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది.

కాబట్టి ఇంకా చక్కగా చల్లబరుస్తున్న యంత్రమైతే మూసి ఉన్న ఆ గొట్టాల జోలికి పోకూడదు. గొట్టాలు విప్పక తప్పకపోతే, అర్హత ఉన్న మెకానిక్ చేత వాయువును సిలిండరులోకి తీయించాలి. దాన్ని గాలిలోకి వదలడం అమెరికాలో 1992 నుంచి చట్టవిరుద్ధం. ఆర్-12 తీసేసి దాని బదులుగా వచ్చిన ఆర్-134ఎ నింపితే సరిపోతుందనుకోవడం పొరపాటు. పాత కంప్రెసర్‌లోని ఖనిజతైలం కొత్త వాయువుతో కలవదు, తైలం తిరిగి రాక కంప్రెసర్ పాడవుతుంది. కొత్త శీతలీకరణ యూనిట్‌నే బిగించడం మేలని నా అభిప్రాయం. అసలు భాగాలు మారిస్తే పాతదనం పోతుందని కొందరు బాధపడతారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది, అయినా ఓజోన్ పొర అంతకన్నా విలువైనది.

మార్చకుండా కాపాడుకోవలసింది నాణేల యంత్రాంగం. కోకాకోలా సీసా ధర దశాబ్దాలపాటు 5 సెంట్లే. ధర కొద్దిగా పెంచుకోవడానికి వీలుగా 7.5 సెంట్ల నాణెం ముద్రించమని ఆ కంపెనీ ప్రభుత్వాన్ని కోరినా ఫలించలేదు. ఆ 5 సెంట్ల నాణెం బరువు 5 గ్రాములు, వ్యాసం 21.21 మిల్లీమీటర్లు. లోపల పడగానే దాని పరిమాణం, బరువు తేలిపోతాయి. ఇనుప బిళ్ల అయితే అయస్కాంతం పట్టేస్తుంది. ఇనుము కాని నకిలీ సంగతేమిటి? అయస్కాంతం పక్కనుంచి దొర్లే లోహంలో ఎడ్డీ విద్యుత్ ప్రవాహాలు పుట్టి దాన్ని వెనక్కి లాగుతాయి. రాగి మంచి వాహకం గనుక బాగా నెమ్మదిస్తుంది, రాగి-నికెల్ మిశ్రమం తక్కువగా నెమ్మదిస్తుంది. వేగం తేడాతో అసలూ నకిలీ వేర్వేరు దారుల్లో పడతాయి. ఎలక్ట్రానిక్స్ లేని రోజుల్లో సాధించిన ఈ నేర్పు నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. యుద్ధకాలంలో నికెల్‌కు కొరత వచ్చి 1942లో రాగి, వెండి, మాంగనీసు మిశ్రమంతో నాణేలు ముద్రించినప్పుడు కూడా, యంత్రాలు తిరస్కరించకుండా ఆ మిశ్రమాన్ని కూర్చారు. నాణేల యంత్రాంగానికి నూనె వేయకండి. దుమ్ము పట్టి నాణేలు ఇరుక్కుంటాయి. ద్రావణితో కడిగి ఆరబెడితే చాలు.

పాత రంగులో సీసం ఉండవచ్చు. అమెరికాలో ఇళ్లకు వాడే సీసపు రంగులను నిషేధించింది 1978లో. పొడిగా గీకితే లేచే ధూళి పిల్లల మెదడుకు హాని చేస్తుంది. ఇంట్లో ఆ పని అసలే వద్దు. ఇక కరెంటు విషయానికొస్తే, పగిలిన తొడుగుల వైర్లన్నీ మార్చి, ఇనుప పెట్టెకు ఎర్త్ కలపాలి.

అక్కడ స్థిరపడిన తెలుగువారెవరైనా ఇలాంటి యంత్రాన్ని హైదరాబాదుకో విజయవాడకో తెచ్చుకోదలిస్తే మరో చిక్కు ఉంది. అది 115 వోల్టులు, 60 హెర్ట్‌జ్‌కు చేసినది. ట్రాన్స్‌ఫార్మర్ మన 230 వోల్టులను తగ్గిస్తుందే గాని 50 హెర్ట్‌జ్‌ను మార్చలేదు. మోటారు ఆరో వంతు నెమ్మదిస్తుంది, వేడెక్కుతుంది. ఇక్కడి విద్యుత్తుకు తగిన కంప్రెసర్ పెట్టించడమే సరైన పని.

కొనేముందు యంత్రాన్ని కొన్ని గంటలు నడిపించి, లోపల థర్మామీటరు పెట్టి చూడండి. చల్లబడకపోతే గొట్టాలను మీరు కోయకండి, అమ్మేవారినీ కోయనివ్వకండి.