అనాథ బాలల గృహము – గ్రామస్థుల వంతు

బాపట్ల, తెనాలి, రేపల్లె పట్టణముల నడుమనున్న పిట్టలవానిపాలెము వంటి మాగాణి గ్రామమున క్రైస్తవ సంఘమువారు దిక్కులేని పిల్లలకొక గృహము కట్టనెంచినచో ఊర రెండు మాటలు వినవచ్చును. మంచిపనియే, వారే చూచుకొందురనునది మొదటిది. మతములో కలుపుకొనుటకే ఈ పన్నుగడ యనునది రెండవది. చిత్రమేమనగా, ఈ రెండును తఱచుగా ఒక్క నోటినుండియే వచ్చును. రెంటికిని ఫలము గూడ ఒక్కటే, తమ గాదెనుండి గింజ కదలకుండుట.

మన పెద్దలందఱును ఇట్లుండలేదు. 1883లో గుంటూరు వచ్చిన ఆనా కూగ్లరు నెలకొల్పిన మిషను వైద్యశాలకు హిందూ కుటుంబముల స్త్రీలును పోయిరి. ఆ ఆవరణమున ఏలూరు రాజావారు సత్రమును కట్టించియిచ్చిరి. ధనమిచ్చినందున వారి మతము మాఱలేదు. రోగుల బంధువులకు నిలువ నీడ దొరకినది.

ఈ తీరమున అనాథలు పుట్టుటకు కారణములు వెదకనక్కఱలేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో వేలమందిని పొట్టబెట్టుకొన్నది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల చెంతనే తీరము దాటినది. కాబట్టి కట్టుబడి మాట ముందు చెప్పవలెను. ఇచ్చటి నల్లనేల వానకు ఉబ్బును, ఎండకు నెఱ్ఱెలు విచ్చును. పైపైని పునాది నిలువదు. పల్లము విడిచి మెరకమీద డాబా వేసి, వెలుపలినుండి మెట్లు కట్టినచో ఉప్పెననాడు ఊరివారికిని అదియే ఆశ్రయమగును. 2016 నాటి కేంద్ర ఆదర్శ నియమములు 25 మంది పిల్లలు పండుకొను గదికి 1000 చదరపుటడుగులు, 7గురికొక మరుగుదొడ్డి, 10మందికొక స్నానపుగది చెప్పుచున్నవి. సిమెంటు ధర చూచి ఈ లెక్కలో కోతపెట్టువారు పనికి దిగకుండుటే మేలు.

అయితే లోపలికి వచ్చు బిడ్డ యెవరు? అనాథ గృహములని పేరుపడిన వానిలో తల్లియో తండ్రియో బ్రదికియున్న పిల్లలు అనేకులు. భర్తపోయిన కూలిస్త్రీ, నాట్లు కోతలు లేని దినములలో అన్నము పెట్టలేక, అచ్చటనైన కడుపు నిండునని బిడ్డను దింపివచ్చును. 2015 నాటి బాలల న్యాయ చట్టము ప్రకారము గృహమును రిజిష్టరు చేయింపవలెను. దిక్కులేని బిడ్డ దొరకినచో 24 గంటలలో బాలల సంక్షేమ సమితి యెదుట నిలుపవలెను. గృహవాసము కట్టకడపటి ఉపాయము మాత్రమే కావలెను. బిడ్డను తల్లి చెంతనే యుంచి నెలకు 4000 రూపాయలిచ్చు మార్గము మిషన్ వాత్సల్య పథకమున కలదు. ఆ దరఖాస్తు వ్రాసిపెట్టగల చదువరి ఊర నొక్కడున్నచో కొందఱు పిల్లలు తల్లి గడప దాటనక్కఱలేదు.

తల్లినుండి విడదీసిననే బిడ్డ బాగుపడునను భ్రమకు బాపట్ల చేరువనే సాక్ష్యము కలదు. ఎఱుకలవారికై సాల్వేషన్ ఆర్మీవారు నడిపిన స్టూవార్టుపురము సెటిల్మెంటు కాలమున, 1911 నాటి నేరస్థ జాతుల చట్టము పిల్లలను తల్లిదండ్రులనుండి వేఱుచేసి బడులలో నుంచుటకు ప్రభుత్వమునకు అధికారమిచ్చినది. ఆ శాసనము 1952లో రద్దయ్యెను. ఆ ఊరి పేరు వినగనే అనుమానించు చూపు మాత్రము మిగిలినది. గృహములోని పిల్లలకు అట్టి ముద్ర పడకుండవలెనన్నచో వారు ఊరి బడికే పోయి, ఊరి పిల్లలతోనే ఆడుకొనవలెను. ప్రభుత్వ గుర్తింపు పొందిన బడిలో సంరక్షకుల సమ్మతి లేక పిల్లలకు మతబోధ చేయరాదని రాజ్యాంగపు 28వ అధికరణము చెప్పుచునే యున్నది.

ఇక పోషణ. పరదేశపు సంఘములు పంపు సొమ్ము 2020 సవరణ తరువాత ఢిల్లీలోని ఒక్క స్టేట్ బ్యాంకు శాఖకే రావలెను. అనుమతి పోయిన దినమున పొయ్యి ఆఱును. కాని లెక్క వేసి చూడుడు. 25 మంది పిల్లలకు తలకు దినమునకు 400 గ్రాముల బియ్యమన్నచో, ఏడాదికి 3650 కిలోలు. ధాన్యముగా నించుమించు 73 బస్తాలు. అది మూడెకరముల మాగాణి పంట. మండలములోని భూస్వాములు పంచుకొన్నచో ఎవరికిని భారముగాదు. ఇచ్చువారు తమ వంతుగా ఇద్దఱు గ్రామస్థులకు కార్యవర్గమున చోటును, ఏటేట జమాఖర్చులను పంచాయతి కార్యాలయమున చదివి వినిపింపుటయు అడుగవచ్చును. రాబోవు కోతలకు ముందే సంఘ పెద్దలతో కూర్చుండి ఈ మాట తేల్చుకొనుట మంచిది.