పర్లాకిమిడి మహారాజు - రెండుగా చీలిన సంస్థానము

పర్లాకిమిడి యనగానే తెలుగువారికి గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు జ్ఞప్తికి వత్తురు. ఒడియా సోదరులకు శ్రీ కృష్ణచంద్ర గజపతి నారాయణదేవు వారు జ్ఞప్తికి వత్తురు. ఇద్దరిదియు ఒకే ఊరు. 1936వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా రాష్ట్రము అవతరించినది. రాజావారి చిరకాల వాంఛ ఆనాడు ఫలించినది. పంతులుగారు ఆనాటి ఉదయముననే ఆ పట్టణమును విడిచిపెట్టి రాజమహేంద్రవరమునకు వెడలిపోయిరి. ఈ రెండు సంగతులను కలిపి చదివిననే గాని ఒడిశాలో నిలిచిన తెలుగువారి చరిత్ర బోధపడదు. పంతులుగారి కథ మనము పలుమారులు చెప్పుకొన్నదే. రాజావారి కథ మనవారికి అంతగా తెలియదు. తెలిసినవారును కోపముతో ఒకటి రెండు మాటలని ఊరకుందురు.

కృష్ణచంద్ర గజపతి 1892 ఏప్రిల్ 26వ తేదీన జన్మించిరి. పర్లాకిమిడి అప్పుడు మద్రాసు రాజధానిలో గంజాము జిల్లాకు చేరిన పెద్ద జమీందారీ. మహేంద్రతనయా నదీ తీరమున పట్టణము, కొండలమీద సవరలు, పల్లపు నేలలలో తెలుగు రైతులు, కోటలోను కొన్ని గ్రామములలోను ఒడియావారు - ఇట్లు మూడు భాషలు ఒక్క సంస్థానమున మెలగినవి. రాజావారు మద్రాసులో న్యూయింగ్టన్ విద్యాలయమున చదివి, 1913లో యుక్తవయస్కులై సంస్థాన భారము వహించిరి.

ఒక జమీందారునకు రాజకీయములతో పని యేమి? శిస్తు వసూలు, దేవాలయములు, దొరలకు విందులు - ఆ కాలపు జమీందారులలో పెక్కుమందికి ఇంతటితో సరిపోయెడిది. ఈయన దారి వేరైనది. కారణము భాష. ఒడియా మాటలాడువారు అప్పుడు ముక్కలు ముక్కలుగా మద్రాసు, బీహారు, మధ్యపరగణాల పాలనలో నుండిరి. వారినందరిని ఒకచోట చేర్పవలెనని 1903లో మధుసూదన దాసుగారు ఉత్కళ సమ్మేళనమును స్థాపించిరి. 1914లో ఆ సమ్మేళనము పర్లాకిమిడిలోనే జరిగినది. మనవారు ఒక్క సంగతి మరువరాదు: 1913లో బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ కూడినది. అక్కడ మనము కోరినదియు, ఇక్కడ వారు కోరినదియు ఒక్కటే.

రాజావారు 1926లో ఏర్పడిన రాయల్ వ్యవసాయ సంఘమున సభ్యులుగా నుండిరి. దాని అధ్యక్షులు లిన్‌లిత్‌గో ప్రభువు. 1930లో ప్రారంభమైన మొదటి రౌండు టేబులు సభకు రాజావారు లండను వెళ్లి ప్రత్యేక ఒడిశా కొఱకు వాదించిరి. పిమ్మట సరిహద్దుల నిర్ణయమునకై ఓడొనెల్ సంఘము ఏర్పడగా, దానిలో ఒడియాల పక్షమున ఆయనయు, ఆంధ్రుల పక్షమున సి.వి.ఎస్. నరసింహరాజుగారును సహసభ్యులుగా కూర్చుండిరి. 1933 నాటి శ్వేతపత్రమున ఒడిశా రాష్ట్రమును ఒప్పుకొనిరి గాని, అందు పర్లాకిమిడియు లేదు, జయపురమును లేదు! ఏ రాష్ట్రము కొఱకు పాటుపడిరో దానికి వెలుపల తామే మిగిలిపోవు స్థితి రాజావారికి దాపురించినది. అప్పుడాయన మరల లండను చేరి తమ పక్షమును వినిపించిరి. సంయుక్త పార్లమెంటరీ సంఘము 1934లో జయపురమును, పర్లాకిమిడిలో కొంత భాగమును చేర్పవలెనని నిర్ణయించినది. ఆ సంఘమునకు అధ్యక్షులు మరల లిన్‌లిత్‌గో ప్రభువే. పూర్వ పరిచయము ఏ మాత్రము తోడ్పడెనో తూచి చెప్పుట కష్టము, తోడ్పడలేదనుటయు కష్టమే.

ఇచ్చట గిడుగువారి వాదము వినవలెను. తెలుగువారు అధికముగా నున్న గ్రామములన్నియు, పర్లాకిమిడి పట్టణముతో గూడ, ఆంధ్ర భాగముననే యుండవలెనని వారు పోరాడిరి. 1880లో ఆ ఊరికి ఉపాధ్యాయులుగా వచ్చినవారు. సవర భాషకు వ్యాకరణమును, నిఘంటువును సమకూర్చినవారు. ఆ ఊరిని వారికంటె ఎఱిగినవారెవరు? (వారిని గుఱించి ఈ గ్రాంథిక భాషలో వ్రాయుట చూచిన పంతులుగారు నన్ను మన్నించెడివారు కారు.) తుదకు ప్రభుత్వము మైదాన గ్రామములను మద్రాసుననే యుంచి, పట్టణమును, దాని పరిసరములను, ఏజెన్సీ గ్రామములను ఒడిశాకు ఇచ్చినది. సంస్థానములో చాల భాగము మద్రాసుననే నిలిచినది. గంజాములో మిగిలిన తెలుగు తాలూకాలు విశాఖపట్టణము జిల్లాలో కలిసినవి. అనగా, రాజావారు తమ భాషకు రాష్ట్రము సంపాదించుటలో తమ జమీనే రెండు ముక్కలు చేసికొనిరి. ఈ మాట మనవారు సాధారణముగా చెప్పరు. న్యాయముగా చెప్పవలసినదే.

1936లో ఆయనకు మహారాజ బిరుదము లభించినది. 1937 ఎన్నికలలో ఒడిశా శాసనసభలోని 60 స్థానములలో కాంగ్రెసు 36 గెలిచినది. గవర్నరులు తమ ప్రత్యేకాధికారములను వినియోగింపమని హామీ ఈయనిదే పదవులు స్వీకరింపమని కాంగ్రెసు పట్టుబట్టగా, గవర్నరు మహారాజును పిలిచిరి. ఆ దినములలో రాష్ట్రపు ముఖ్యమంత్రిని ప్రధానమంత్రి యనెడివారు. అట్లు ఏప్రిల్ 1న ఆయన ఒడిశాకు ప్రథమ ప్రధానులైరి. సభలో బలములేని మంత్రివర్గము గనుక జూలైలో దిగిపోయినది; విశ్వనాథ దాసుగారు వచ్చిరి. 1941 నవంబరు మొదలు 1944 జూను వఱకు మహారాజు మరల ప్రధానులుగా నుండిరి. ‘క్విట్ ఇండియా’ ఉద్యమమున కాంగ్రెసు నాయకులు చెఱసాలలో నున్న కాలమది. ఆ సమయమున పదవిలో నుండుట నా దృష్టిలో ఆయన జీవితమున మెచ్చదగిన ఘట్టము కాదు. అయినను ఉత్కళ విశ్వవిద్యాలయము 1943లో వెలసినదియు, కటకమున వైద్య కళాశాల 1944లో ఏర్పడినదియు ఆ మంత్రివర్గము కాలముననే.

మహారాజుపై మనవారి కోపము ఎంతవఱకు న్యాయము? తన భాషకు రాష్ట్రము కోరుట తప్పు కాదు. తప్పనినచో 1953లో మనము సాధించినదియు తప్పే యగును. అయితే గీత గీసినప్పుడు గీతకు అవతల పడినవారి పిల్లలకు ఏ భాషలో చదువు చెప్పవలెనను ప్రశ్నకు 1936లో ఎవరును సమాధానము వ్రాసి పెట్టలేదు. మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగిన వసతులు కల్పింపవలెనను 350-ఏ అధికరణము రాజ్యాంగములోనికి 1956లో గాని రాలేదు. నడుమ ఇరువది యేండ్లు గడచినవి. ఒక తరము బడికి పోయి వచ్చిన కాలమది. నా వంటి తెలుగు ఉపాధ్యాయునకు రాజావారి మీద కంటె ఆ ఇరువది యేండ్ల మీదనే ఎక్కువ కోపము.

జమీందారీల రద్దు వచ్చినప్పుడు సంస్థానపు రెండు ముక్కలకు రెండు వేర్వేఱు చట్టములు వర్తించినవి: దక్షిణ భాగమునకు 1948 నాటి మద్రాసు చట్టము, పట్టణము వైపునకు ఒడిశా చట్టము. మహారాజు 1974 మే 25న కాలధర్మము చెందిరి. 1992 అక్టోబరు 2న గంజాము నుండి వేఱుపఱచిన జిల్లాకు వారి జ్ఞాపకార్థము గజపతి యని పేరు పెట్టిరి. పర్లాకిమిడియే దానికి ముఖ్యపట్టణము. సంస్థానమువారు వేయించగా 1900లో నడక సాగించిన చిన్న రైలుబండి దారి, ఇప్పుడు పెద్ద లైనుగా మారి, నౌపడా, టెక్కలి, పాతపట్నముల మీదుగా ఆంధ్రమున సాగి పర్లాకిమిడిలో ప్రవేశించుచున్నది.